రాసింది ఎవరికి, చేరింది ఎవరికి

ఉత్తరం రేపు మూడు దాటాక ఎప్పుడైనా రావచ్చని విచారణాధికారి చెప్పాడట. ఎప్పుడైనా అంటే ఎప్పుడండీ అని తమ్ముడు తిరిగి అడగలేదు, వాడెప్పుడు అడిగాడు గనక, తలూపి బయటికొచ్చి ఆ ముక్క అక్క చెవిన పడేసి చేతులు దులుపుకున్నాడు. నిన్న సాయంత్రం నుంచి దాన్ని మోస్తున్నది ఈమె. మధ్యాహ్నం భోజనం డబ్బా తెరిచి తిన్నాననిపించి మూత పెట్టేసింది, నీళ్లసీసా నింపుకొచ్చింది, బయట ఎండ మాడ్చేస్తున్నా ఈ గదిలో యంత్రాలకు చలి కావాలి గనక మనుషులు శాలువాలు కప్పుకోవాల్సిందే, కప్పుకుని తెర ముందు కూర్చుంది. కూర్చుని చేసేదేమీ లేదు. నల్లటి తెర మీద తెల్లటి వరసలు కింద పుట్టి పైకి పోతున్నాయి, ఒక్కో వరస ఒక్కో ఉత్తరం, ఎవరు పంపారు, ఎవరికి చేరింది, అసలు చేరిందా లేదా. ఈ బస్సుల కంపెనీలో ఎవరు ఎవరికి మెయిల్ పంపుకున్నా ఈ మూడో అంతస్తులో, ఈ గదిలో, ఈమె చూసుకునే సర్వరు మీదుగా పోవాల్సిందే. తమ్ముడి డ్రైవరు ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేల్చే ఉత్తరం కూడా ఇలాగే పోతుంది, మిగతా వాటిలాగే ఒక వరసగా పుట్టి పైకి జరిగిపోతుంది. అది వాడికీ తెలుసు. అందుకే నిన్న గుమ్మంలో చెప్పులు విడుస్తూ, ఆమె కళ్లలోకి చూడకుండా అన్నాడు: "చూడకక్కా. నువ్వు చూడగలవని తెలుసు. చూడకు. నాకొచ్చాక నేనే చెప్తా." అంత పొడుగు మాట వాడు ఎక్కడా ఆగకుండా అన్నాడంటే దారంతా లోపల్లోపల సాధన చేసుకుంటూ వచ్చి ఉంటాడు. సరేరా అంది. సరే అనడానికి ఏం పోయింది, అప్పుడు ఈ కుర్చీలో లేదు కదా.

పొద్దున్న పని ఉండటమే మంచిదైంది. నెల మొదలు, బదిలీలూ సెలవులూ అన్నీ ఒక్కసారే వచ్చి పడతాయి, ఆయనకొచ్చేవి ఈయనకు పంపండి, ఈవిడ పేరు మీదవి ఆయనకు మళ్లించండి, అంటూ చీటీలు. ఈమె ఉద్యోగంలో సగం మారుపేర్లతోనే. ఫిర్యాదులు అని ఒక చిరునామా ఉంది, ఫిర్యాదులు అనే మనిషి ఎక్కడా లేడు, వాకిట్లో బోర్డు మాత్రం ఉంటుంది, దాని వెనకాల పెట్టె ఇంకెవరిదో. జీతాలు, టైర్లు, పోయిన వస్తువులు, డ్యూటీ, అన్నీ బోర్డులే. ఏ బోర్డు వెనకాల ఏ మనిషి ఉన్నాడన్నది ఈమె రాసిపెట్టిన ఒక ఫైలు చెబుతుంది. ఫైల్లో మార్చి ఊరుకుంటే సర్వరు చెవిన వేసుకోదు, మార్చానమ్మా అని దానికి మళ్లీ ఒక మాట చెప్పాలి. కొత్తలో ఆ మాట చెప్పడం మరిచిపోయి, రిటైరై మనవలతో ఆడుకుంటున్న పెద్దాయనకు రోజూ టైర్ల లెక్కలు పంపించింది, ఆయన కూడా పాపం ఏమీ అనకుండా వారం పాటు జవాబులు రాశాడు. అంతకంటే పెద్ద తమాషా స్టోర్సు ఆఫీసరుదీ అకౌంట్సు ఆఫీసరుదీ. ఇద్దరికీ పడదు. ఇద్దరూ ఒకే వారం సెలవు పెట్టి, ఎవరికి వారు గుట్టుగా, నాకొచ్చేవన్నీ ఆయనకు పంపు అని పెట్టుకుని పోయారు. ఎవడో డిపో మేనేజరు ఒక ఉత్తరం రాస్తే అది ఈయన దగ్గర్నుంచి ఆయనకు, ఆయన దగ్గర్నుంచి ఈయనకు తిరిగి తిరిగి, చివరికి సర్వరుకే విసుగొచ్చి, ఇది చాలాసేపటి నుంచి తిరుగుతోంది బాబూ అని రాసినవాడి మొహాన కొట్టింది. ఆ సంగతి ఇంట్లో చెబితే తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వాడు, అదేంటక్కా మా రింగు రూటులా అన్నాడు. నవ్వేటప్పుడు వాడికి మాట తడబడదు. పాడేటప్పుడు తడబడదు, స్టీరింగు వెనకాల కూర్చుని స్టాపుల పేర్లు కేకేసేటప్పుడు తడబడదు. కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుగా నలుగురు కూర్చుని చెప్పు అన్నప్పుడే వస్తుంది చిక్కు.

చిన్నప్పట్నుంచీ అంతే. నీ పేరేంట్రా అని ఎవరైనా వంగి అడిగితే వాడు పెదాలు బిగించి, కళ్లు పైకెత్తి, మెడ నరాలు తేల్చుకుని నిలబడేవాడు, అడిగినవాళ్లకు ఊపిరాడేది కాదు, ఈమె ముందుకొచ్చి చెప్పేసేది. పేరు చెప్పేది, క్లాసు చెప్పేది, వాడికి ఆకలి వేస్తోందో లేదో కూడా ఈమే చెప్పేది. వాడికి వేసిన ప్రశ్న ఏదైనా తిన్నగా ఈమె దగ్గరికి వచ్చేది, ఇంట్లో ఎవరూ అలా రాసిపెట్టలేదు గానీ అదే ఏర్పాటు. మంచి అక్క, తమ్ముడంటే ప్రాణం అనేవారు చుట్టాలు. నిజమే, ప్రాణమే. కానీ వాడికి మీసాలొచ్చాక ఒకసారి మందుల షాపులో, షాపతను వాణ్ణి అడుగుతుంటే ఈమె జవాబు చెబుతూ పక్కకు చూస్తే వాడి మొహం కనిపించింది, వాడి నోట్లో ఆ మాట అప్పటికే సిద్ధంగా ఉంది, ఇంకొక్క క్షణం ఆగితే బయటికొచ్చేది. మందులు తీసుకుని ఇంటికొచ్చారు. మానుకోవాలనుకుంది. అనుకున్నంత తేలిగ్గా మానుకునే అలవాటా అది, నాలుక చివర కూర్చుని ఉంటుంది వెధవది, వాడు ఒక్క రవ్వ ఆగితే చాలు దూకేస్తుంది. బుడ్డోడా అని పిలుస్తుంది ఇప్పటికీ, గుమ్మం తగలకుండా తల వంచుకుని ఇంట్లోకి వచ్చే మనిషిని.

ప్రమాదం మార్కెట్టుకు దిగే వాలు దగ్గర జరిగింది. సిగ్నలు పడింది, కాలు వేశాడు, పెడలు మెత్తగా లోపలికి దిగిపోయింది. ఎదురుగా రోడ్డు దాటుతున్న జనం. ఎడమకు కోసి ఖాళీ స్థలం ప్రహరీకి రాసుకుంటూ పోయి గోడను పట్టుకుని ఆపాడు బస్సును, ఆపింది వాడో గోడో. పండ్ల బండి ఒకటి నుజ్జయింది, బస్సులో కూర్చున్న పెద్దావిడకు చెయ్యి విరిగింది, ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. వర్క్‌షాపు వాళ్లు ఆ పొద్దున్నే చూశాం, అన్నీ దివ్యంగా ఉన్నాయన్నారు. వర్క్‌షాపు పెద్దాయన మాటకారి, గలగలా మాట్లాడతాడు, ఎదుటివాడికి సందు ఇవ్వడు. అయితే వాళ్ల తప్పు, కాకపోతే డ్రైవరు తప్పు, మధ్యలో ఇంకో దారి లేదు. విచారణ గదిలో ఏం జరిగిందని వాణ్ణి అడిగారు. వాడికి అన్ని అక్షరాల్లోకీ కష్టం బ దగ్గర. బస్సు నడిపేవాడికి బ పలకకపోవడం ఏం రాతో, ఇంట్లో అయితే బస్సు అనడు, మనది అంటాడు, బజారు అనడు, అటువైపు అంటాడు, ఎన్ని దొడ్డిదారులు కనిపెట్టుకున్నాడో లెక్కలేదు. కానీ ఆ గదిలో దొడ్డిదారి లేదు. కాలి కింద మెత్తగా పోయింది సార్ అన్నాడట. ఏది పోయింది అన్నారట. కింద... పెడలు... అన్నాడట. దేని పెడలు, సరిగ్గా చెప్పవయ్యా అన్నారట. ఆ ఒక్క మాట దగ్గర గోడకు తగిలినట్టు ఆగిపోయాడు, రాసుకునేవాడు పెన్ను పైకెత్తి చూస్తున్నాడు, వర్క్‌షాపు పెద్దాయన చిన్నగా దగ్గాడు. నిజం చెప్పేవాడికి అంత తడబాటెందుకు అని ఎవరో అన్నారు. అది వాడు చెప్పలేదు, వేరే డ్రైవరు చెప్పాడు ఈమెకు. నేను వస్తానురా, నీ పక్కన కూర్చుని నేను చెప్తాను, రూల్సు ఒప్పుకుంటాయి, మనిషిని తోడు తెచ్చుకోవచ్చు, అంది ఆ రాత్రి. వాడు కంచం ముందు కూర్చుని వద్దని తలూపాడు. రెండోసారి పిలిచినప్పుడు కూడా ఒక్కడే వెళ్లాడు. ఏం చెప్పాడో, ఎలా చెప్పాడో, ఎంతసేపు పట్టిందో వాడికీ ఆ నలుగురికీ తెలుసు. ఉద్యోగం సంగతి అలా ఉంచు, వాడి మాట వాడు చెప్పుకుంటే వాళ్లు నమ్మారా లేదా, ఇవాళ తేలేది అది. నమ్మకపోతే వాడింక ఈ జన్మలో ఎవరికీ ఏదీ చెప్పడు, ఆ సంగతి ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

తెర మీద జల్లెడ పెట్టుకుంది. మామూలు వరసలు మరీ పొడుగు, అందులో సగం యంత్రాలు తమలో తాము మాట్లాడుకునే గొడవ, అందుకని ఎప్పుడో తన కోసం తనే ఒక చిన్న ప్రోగ్రాం రాసుకుంది, వేళ, పంపినవారు, చేరినవారు, ఫలితం, ఇంతే కనిపిస్తుంది, మిగతాదంతా రాలిపోతుంది. అందులోనూ విచారణాధికారి పేరు మీద పోయేవే చూపించమంది. ఇది చూడటం కాదు కదా, కవరు లోపల చూస్తే చూసినట్టు, కవరు మీద చిరునామా చూడటం తన ఉద్యోగం, జీతం ఇచ్చేదే అందుకు. ఈ వాదన తనకే ఎంత పల్చగా వినిపించిందంటే, ఎదురు సీట్లో కూర్చునే నెట్‌వర్కు ఆయన వినేశాడేమోనని తలెత్తి చూసింది. ఆయన చెవుల్లో తీగలు పెట్టుకుని క్రికెట్టు వింటున్నాడు, ప్రపంచం మునిగినా ఆయనకు ఓవరు పూర్తి కావాలి. ఏళ్ల తరబడి ఈ కవర్లు చూసీ చూసీ ఆమెకు ఒక విద్య పట్టుబడింది, ఎవరికీ చెప్పలేదు. విచారణ ముగిసిన ఉత్తరం ఎప్పుడూ ముగ్గురికి పోతుంది. ఒకటి ఆ మనిషికి, ఒకటి వాళ్ల డిపో మేనేజరుకు. మూడోదాంట్లోనే ఉంటుంది కథంతా. మనిషిని మళ్లీ పనిలోకి తీసుకుంటే అది డ్యూటీ చార్టు వేసేవాళ్లకు పోతుంది, పేరు ఎక్కించుకోవాలి కనక. వేటు పడితే లా సెక్షనుకు పోతుంది, రేపు కోర్టుకెళ్తే కాగితాలు చూసుకోవాలి కనక. లోపలి అక్షరం ఒక్కటీ చదవకుండా ఎంతమంది రాతలు తెలుసుకుందో ఇన్నాళ్లూ, తెలుసుకుని పక్కకు జరిపేసి టీ తాగడానికి వెళ్లింది. వాళ్లెవరూ తన తమ్ముళ్లు కారు.

అమ్మ అయితే ఇలాంటి గంటల్లో గిన్నెలు తోముతుంది. తోమినవే తోముతుంది. నాన్న మీద కోపం వస్తే నాన్నను ఒక్క మాట అనేది కాదు, ఆయన పేపరు చదువుకుంటూ కుర్చీలో ఉండేవాడు, ఇటు పిల్లల మీద పడేది, బుద్ధుందా, ఇంటికి ఎన్నింటికి రావాలో తెలియదా అని, స్కూలు నుంచి నేరుగా వచ్చిన పిల్లను పట్టుకుని. ఇదేంటి, నాలుగింటికే వచ్చాను కదా అని ఏడుపు మొహంతో నిలబడేది తను. పెద్దయ్యాక గానీ తెలియలేదు, ఆ తిట్టు రాసింది కుర్చీలో మనిషికని, చేరడం మాత్రం తనకు చేరిందని. తెలిశాక అమ్మ తిట్లు ఒక్కటీ తగల్లేదు, వాకిట్లో నిలబడి హాయిగా నవ్వుకునేది, దానికి ఇంకో నాలుగు తగిలించేది అమ్మ, అవి మాత్రం అచ్చంగా తనవే. ఇప్పుడు ఇంట్లో ఏం చేస్తోందో. మరదలు కుట్టుమిషను ముందు కూర్చుని ఉంటుంది, ఆపకుండా కుడుతూ ఉంటుంది, ఆపితే మాట్లాడాల్సి వస్తుంది. బుడ్డోడు ఫోను అరచేతిలో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంటాడు, నిమిషానికోసారి తెరిచి చూస్తూ, మళ్లీ మూస్తూ.

అప్పుడు వచ్చింది. మూడు వరసలు, ఒకదాని కింద ఒకటి, ఏ హడావుడీ లేకుండా. డిపో మేనేజరు, చేరింది. రెండోది లా సెక్షను గుమస్తా, చేరింది. మూడోది తమ్ముడి బయటి చిరునామా, ఆగింది, మళ్లీ ప్రయత్నిస్తాం. ఆమె కళ్లు రెండో వరస దగ్గరే ఉండిపోయాయి. లా సెక్షను. ఇంకోసారి చదివింది, అక్షరాలు మారతాయన్నట్టు. గుండె గుభేలుమంది అంటారే, అలా ఏమీ కాలేదు, లోపల ఏదో మెత్తగా దిగిపోయింది, అంతే, కాలు వేస్తే ఆగాల్సింది ఆగకుండా దిగిపోయింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. నమ్మలేదన్నమాట. ఒక్కడే వెళ్లి, ఎంతసేపు పట్టిందో పట్టి, ఆ మాట బయటికి లాగి వాళ్ల ముందు పెట్టినా నమ్మలేదు. నేను వెళ్లాల్సింది, వాడు వద్దన్నా వెళ్లి కూర్చోవాల్సింది, గలగలా చెప్పేదాన్ని, ఆ దగ్గేవాడి దగ్గు ఆపించేదాన్ని. వద్దన్నాడని ఊరుకున్నాను, ఎప్పుడూ ఊరుకోనిదాన్ని ఆ ఒక్కరోజు ఊరుకున్నాను. ఎదురు సీటాయన ఏదో అవుటయినట్టు అబ్బా అన్నాడు. గదిలో ఫ్యాన్లు తిరుగుతున్నాయి, యంత్రాల మీద పచ్చ దీపాలు ఎప్పట్లాగే మినుకు మినుకుమంటున్నాయి, వాటికేం.

మూడో వరస గుర్తొచ్చింది. ఆగింది. సస్పెన్షనులో ఉన్నవాళ్ల ఆఫీసు పెట్టెకు తాళం వెయ్యాలి, దానికొచ్చేవి వాళ్ల బయటి చిరునామాకు పంపాలి, రూలు. తమ్ముడి పెట్టెకు తాళం వేసింది ఈ చేతులే. ఆ బయటి పెట్టె సర్వరు వాళ్లు ఇప్పుడు ఉత్తరాన్ని గుమ్మంలో ఆపేశారు, అంటే వాడికింకా తెలియదు. ఆమెకు తెలుసు, వాడికి తెలియదు. ఎన్ని నిమిషాలు ఆగుతుందో, ఆగినంతసేపు వాడు ఆ మెట్ల మీద ఉద్యోగం ఉన్న మనిషే. తను తట్టి లేపితే ఉత్తరం ఇప్పుడే మళ్లీ బయల్దేరుతుంది, ఒక్క మాట కొడితే చాలు. కొట్టలేదు. ఉండనీ, ఇంకాసేపు ఉండనీ. ఈలోపు ఇంటికి పోతే, ఆటోలో పోతే, అది చేరేసరికి పక్కన ఉండొచ్చు, వాడు చదివేసరికి అమ్మకు తను చెప్పొచ్చు, మరదలికి తను చెప్పొచ్చు, వాడు నోరు తెరవాల్సిన పని లేకుండా అందరికీ తనే చెప్పొచ్చు. సంచి దగ్గరికి చెయ్యి పోయింది. అక్కడే ఆగింది. వరసలో ఆగిన ఉత్తరాన్ని లోపల విప్పి చూపించే మాట కూడా ఒకటి ఉంది, వేళ్లకు వచ్చు ఆ మాట, సగం కొట్టేశాయి కూడా. ఏ కారణం రాశారో, ఎంత కఠినంగా రాశారో తెలిస్తే వాడికి ముందే కాస్త... కాస్త ఏమిటి. మందుల షాపులో వాడి మొహం ఎదురుగా వచ్చి నిలబడింది. కొట్టిన సగం మాటా ఒక్కో అక్షరమే తుడిచేసింది. నాకొచ్చాక నేనే చెప్తా అన్నాడు. చెడ్డ వార్తయినా వాడిది, వాడి పేరు మీద వచ్చింది, దాన్ని ఎవరికి ఎలా చెప్పాలో వాడి ఇష్టం. ఏడుపొచ్చింది, శాలువా అంచుతో ముక్కు తుడుచుకుంది, చలికనుకుంటారు.

అయితే ఎందుకు ఆగింది, అది మాత్రం చూడాలి, అది నిజంగా తన పని. బయటివాళ్లు వద్దంటే ఎందుకు వద్దన్నారో జల్లెడలో కనపడదు, రాలిపోతుంది. జల్లెడ పక్కన పెట్టి పొడుగు వరసలు తెరిచింది, మొత్తం, యంత్రాల గొడవతో సహా. పంపినాయన మాకు కొత్త, కాసేపాగి రండి అని ఉంది కారణం. అంతేనా. కొత్తవాళ్లను గుమ్మంలో కాసేపు నిలబెట్టి, మళ్లీ వచ్చి తలుపు కొడితే అప్పుడు లోపలికి రానిచ్చే రకం సర్వర్లు, మర్యాద తెలియనివి, ఇది రోజూ ఉండేదే. ఊపిరి వదిలి తల తిప్పబోయింది. దాని పై వరస కూడా పొడుగ్గానే ఉంది, పూర్తిగా విప్పుకుని ఉంది, చేరినవారు లా సెక్షను గుమస్తా అని ఉంది, దాని పక్కన ఎప్పుడూ రాలిపోయే గడి ఒకటి రాలకుండా ఉంది. మొదట రాసిన చిరునామా. డ్యూటీ.

డ్యూటీ. ఆమె దాన్ని చదివింది, చదివి వేలు పెట్టింది తెర మీద, అద్దం చల్లగా తగిలింది. డ్యూటీ చార్టు అమ్మాయి పురిటికి వెళ్లింది. నిన్నటి నుంచి సెలవు. పొద్దున్న వచ్చిన చీటీల్లో అదీ ఒకటి, డ్యూటీకి వచ్చేవన్నీ ఆమె వచ్చేదాకా లా సెక్షను గుమస్తాకు మళ్లించండి, ఆయన ఇదివరకు చార్టులు వేసినవాడే, పని తెలుసు, అని మేనేజరు సంతకం. ఎనిమిదో చీటీయో తొమ్మిదో చీటీయో. మార్చింది, సర్వరుకు మాట చెప్పింది, చీటీ మీద అడ్డగీత కొట్టి తరవాతది తీసుకుంది. తన చేత్తో తనే మార్చింది, మార్చి, దాన్ని తనే చూసి, తనే చచ్చిపోయింది ఇంతసేపూ. విచారణాధికారికి ఆ మళ్లింపు సంగతే తెలియదు, ఎప్పట్లాగే డ్యూటీకని రాశాడు. డ్యూటీ చార్టులో పేరు ఎక్కించుకోండి అని రాశాడు. అంటే నమ్మారు. ఒరే బుడ్డోడా, నమ్మార్రా. నెత్తిన చల్లటి పాలు పోసినట్టయింది, భుజాలు వాటంతటవే కిందికి జారాయి, ఇంతసేపూ వాటిని చెవుల దాకా ఎత్తి పెట్టుకుందని అప్పుడు గానీ తెలియలేదు. నవ్వొచ్చింది, నోటికి శాలువా అడ్డం పెట్టుకుంది, అయినా ఏదో చప్పుడైంది. ఎదురు సీటాయన చెవిలోంచి ఒక తీగ లాగి ఏమైందండీ అన్నాడు. జలుబండీ అంది. ఈ గదిలో ఎవరికైనా తప్పదండీ అని ఆయన తీగ మళ్లీ పెట్టేసుకున్నాడు. ఎంత మంచివాడో ఈయన, ఇన్నేళ్లలో ఎప్పుడూ అనిపించలేదు. ఆ గుమస్తా మంచివాడు, పురిటికి వెళ్లిన అమ్మాయి మంచిది, సుఖంగా కనాలి తల్లి, ఎవర్ని కన్నా సరే. జల్లెడలో ఆ గడి కూడా రేపు చేర్చాలి, రేపెందుకు, ఇవాళే చేర్చాలి.

వాడు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఇందాక ఇంకాసేపు ఉండనీ అనుకున్నది ఈమేనా, ఇప్పుడు ఒక్క క్షణం కూడా ఉండబుద్ధి కాలేదు. బయలుదేరమ్మా అని కొట్టింది. ఆగింది, కాసేపాగి రండి. వాళ్లకు ఇంకా కాసేపు కాలేదు. ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చుంది. నీళ్లు తాగింది. మళ్లీ కొట్టింది. బతిమాలుతున్నట్టు మెల్లిగా కొట్టింది, మీటలకు బతిమాలడం తెలిసినట్టు. చేరింది. తమ్ముడి చిరునామా, చేరింది. ఆ మాటను అంత అందంగా ఎవరు పెట్టారో. చూడకక్కా అన్నాడు. చూడలేదు, ఒట్టేసి చెప్పగలదు, చూడలేదు, చిరునామా ఒక్కటీ కంట్లో పడింది, అది పడకుండా ఉండాలంటే ఉద్యోగం మానెయ్యాలి.

ఫోను తీసుకుని బయటికొచ్చి మెట్ల దగ్గర నిలబడింది. అక్కడ కిటికీలోంచి ఎండ పడి మెట్లు వేడెక్కి ఉన్నాయి, శాలువా కింద ఒళ్లు మెల్లగా కరుగుతోంది. మోగలేదు. చదువుతున్నాడు, వాడు ఏదైనా రెండుసార్లు చదువుతాడు. మరదలికి చెబుతున్నాడేమో, చెప్పనీ, ముందు ఆమెకే చెప్పాలి, అమ్మకు చెప్పాలి, తన వంతు ఎప్పుడొస్తే అప్పుడే. కింద రోడ్డు మీద ఒక బస్సు స్టాపులో ఆగింది, మెత్తగా, ఒక్క కుదుపు లేకుండా, ఎవరో మంచి డ్రైవరు. దిగేవాళ్లు దిగారు. మోగింది.

"అక్కా," అన్నాడు.

"చెప్పరా."

"వచ్చింది." గొంతు వెనకాల కుట్టుమిషను చప్పుడు లేదు, ఆగిపోయి ఉంది. "నా తప్పు కాదని రాశారు. తప్పంతా..."

ఆగాడు. ఆమెకు తెలుసు ఆ ఆగడం, పెదాలు రెండూ మూసుకుని ఉంటాయి, వాటి వెనకాల గాలి నిండి ఉంటుంది, కళ్లు పైకి పోయి ఉంటాయి. ఆ మూసుకున్న పెదాల వెనక ఏ మాట ఉందో కూడా తెలుసు. తన నాలుక చివరికి వచ్చి కూర్చుంది అది, రెండు అక్షరాలు, తోస్తే పోతుంది, ఇన్నేళ్లుగా తోస్తూనే ఉంది. ఆమె కింది పెదవిని పంటి కింద పట్టుకుంది. మెట్లెక్కి వస్తున్న ఎవరో అటెండరు, ఫోను చెవిన పెట్టుకుని మాట్లాడకుండా నిలబడిన మనిషిని చూసి పక్కకు తప్పుకుని వెళ్లాడు. ఫోనులో వాడి ఊపిరి వినిపిస్తోంది. ఇంట్లో కూడా ఎవరూ వాడికి అందించడం లేదు, అమ్మ కూడా, అందరూ అక్కడే నిలబడి ఉన్నట్టున్నారు.

"బ్... బ్... బ్రేకుదే అని రాశారక్కా," అన్నాడు. "రేపు మొదటి ట్రిప్పు నాదే."

మెట్టు మీద కూర్చుంది, వేడిగా ఉంది, బాగుంది.

"అక్కా, ఉన్నావా?"

"ఉన్నానురా," అంది. "ఏంటి, ఏది పోయిందని రాశారు? మళ్లీ చెప్పు."

సరిగ్గానే వింది, వినలేదని వాడూ అనుకోలేదు. నవ్వాడు. నవ్వి, మళ్లీ మొదట్నుంచి అందుకుని, మళ్లీ అక్కడే, ఆ మాట దగ్గరే ఆగాడు. ఈసారి ఇంకాస్త ఎక్కువసేపే పట్టేలా ఉంది. ఆమె ఫోను ఇంకో చెవికి మార్చుకుని గోడకు ఆనుకుంది, ఆమెకు తొందరేమీ లేదు.